డెంగీ: మందుకూ టీకాకూ అడ్డుపడుతున్న కాలం లెక్క

సభకు నమస్కారం.

హైదరాబాదులో దోమల గురించి మాట్లాడేవారు రోనాల్డ్ రాస్ పేరుతో మొదలుపెట్టడం ఆనవాయితీ. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో దోమ కడుపు గోడలో ఆయన చూసింది మలేరియా పరాన్నజీవిని. దానికి అప్పటికే క్వినైన్ ఉంది, ఆ తర్వాత ఇంకా మెరుగైన మందులు వచ్చాయి. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే డెంగీ పరాన్నజీవి వల్ల వచ్చేది కాదు, వైరస్ వల్ల వచ్చేది. దాన్ని నేరుగా అణచే మందు ఇవాళ్టికీ ఒక్కటి కూడా ఆమోదం పొందలేదు. టీకాలు వచ్చాయి కానీ, వాటి చరిత్ర అంత నేరుగా సాగలేదు.

ఇదే కుటుంబానికి చెందిన, ఇదే ఈడిస్ దోమ మోసుకొచ్చే ఎల్లో ఫీవర్ వైరస్‌తో పోల్చి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దాన్ని 1927లో పశ్చిమాఫ్రికాలో వేరుచేశారు. పదేళ్లు తిరిగేసరికి, 1937లో, మాక్స్ థైలర్ బృందం 17డి టీకాను సిద్ధం చేసింది. ఒక్క మోతాదుతో జీవితాంతం రక్షణ లభిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నేడు చెబుతున్నది ఆ టీకా గురించే. డెంగీ వైరస్‌ను జపానులో హోటా, కిమురా అనే శాస్త్రవేత్తలు వేరుచేసింది 1943లో. దానికి మొదటి టీకా ఆమోదం పొందింది 2015 చివరలో, మెక్సికోలో. మధ్యలో గడిచిన 70 ఏళ్లకు పైగా కాలంలో శాస్త్రవేత్తలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. డెంగీలో ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది, ఎంత ఎడంతో వచ్చింది అన్న లెక్క మిగిలిన లెక్కలన్నిటినీ తారుమారు చేస్తుంది. టీకా అయినా మందు అయినా ఆ లెక్క దగ్గరే తడబడింది.

డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకం సోకి తగ్గితే ఆ రకం నుంచి దీర్ఘకాలం రక్షణ ఉంటుంది, మిగిలిన మూడింటి నుంచి కొన్ని నెలల పాటే ఉంటుంది. ఆ తర్వాత మరో రకం సోకినప్పుడు జబ్బు మొదటిసారి కంటే తీవ్రంగా మారే ప్రమాదం ఉంది. ఈ సంగతిని 1960లలో బ్యాంకాక్‌లో పనిచేసిన అమెరికన్ వైద్యుడు స్కాట్ హాల్‌స్టెడ్ ఆసుపత్రి లెక్కల నుంచి పట్టుకున్నాడు. తీవ్ర డెంగీతో చేరిన పిల్లల్లో ఎక్కువమందికి అది రెండోసారి వచ్చిన డెంగీ. అయితే ఏడాది లోపు శిశువులు కొందరు మొదటిసారి సోకినప్పుడే అంతే తీవ్రంగా జబ్బుపడ్డారు. ఆ శిశువుల తల్లులకు గతంలో డెంగీ వచ్చి ఉంది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు పుట్టిన మొదటి నెలల్లో బిడ్డను కాపాడి, ఆరేడు నెలల వయసుకు పలచబడేసరికి అవే చెరుపు చేస్తున్నాయి. నన్నడిగితే ఈ శాస్త్రం మొత్తంలో ఇంతకంటే గొప్ప పరిశీలన లేదు. ప్రయోగశాల పరికరాలేవీ లేకుండా, శిశువుల వయసును మాత్రమే వరుసగా పేర్చి చూసినా అసలు కారణం ఎటు ఉందో తెలిసిపోతుంది.

కారణాన్ని క్లుప్తంగా చెబుతాను. యాంటీబాడీలు తగినన్ని ఉండి సరిగ్గా అతుక్కుంటే వైరస్ పనిచేయలేదు. చాలినన్ని లేనప్పుడు, లేదా వేరే రకానికి తయారై అరకొరగా అతుక్కున్నప్పుడు, ఆ యాంటీబాడీ తోకను పట్టుకునే తెల్లరక్తకణాలు వైరస్‌ను కూడా లోపలికి లాక్కుంటాయి. దొంగను పట్టుకున్న కాపలాదారే వాడిని నట్టింట్లోకి తెచ్చి విడిచినట్టు అవుతుంది, ఎందుకంటే డెంగీ వైరస్ పెరిగేది ఆ కణాల్లోనే. దీనికి మనుషుల్లో నిదర్శనం 2017లో నికరాగ్వా రాజధాని మనాగ్వాలో పిల్లలపై చేసిన దీర్ఘకాల అధ్యయనంలో దొరికింది. యాంటీబాడీలు ఒక మధ్యస్థ స్థాయిలో, అంటే రక్తాన్ని పలచన చేస్తూ కొలిచే లెక్కలో 1:21 నుంచి 1:80 మధ్య ఉన్న పిల్లల్లో తీవ్ర డెంగీ ముప్పు అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది. అంతకు మించి ఉన్నవారికి రక్షణ ఉంది, అసలు లేనివారికీ ముప్పు అంత లేదు.

క్యూబా అనుభవం ఈ లెక్కకు కాలాన్ని కూడా జోడించింది. ఆ దీవిలో 1977లో మొదటి రకం వ్యాపించింది. 1981లో రెండో రకం వచ్చినప్పుడు 158 మంది చనిపోయారు. తర్వాత క్యూబా దోమలను గట్టిగా అదుపు చేసింది. మళ్లీ 1997లో సాంటియాగో నగరానికి రెండో రకం వచ్చినప్పుడు 12 మంది చనిపోయారు, అందరూ పెద్దవారే. అంతకు ఇరవై ఏళ్ల కిందట మొదటి రకం సోకినవారికి ఈ రెండో జ్వరం, నాలుగేళ్ల ఎడంతో వచ్చినప్పటికంటే ఎక్కువ ప్రాణాంతకంగా పరిణమించిందని హవానాలోని పెద్రో కౌరీ సంస్థకు చెందిన మరియా గ్వాదలూపే గుస్మాన్ బృందం తేల్చింది.

ఇప్పుడు టీకా తయారుచేసేవారి ఇబ్బంది మీకు అర్థమవుతుంది. నాలుగు రకాల మీదా ఒకేసారి, సమానంగా, చాలా ఏళ్లు నిలిచేలా రక్షణ ఇవ్వాలి. ఒకటి రెండింటి మీద మాత్రమే గట్టిగా పనిచేసి మిగతా వాటి మీద అరకొరగా ఉంటే, ఎప్పుడూ డెంగీ సోకని మనిషికి ఆ టీకాయే మొదటి డెంగీ అవుతుంది. తర్వాత దోమ కుట్టి సోకేది రెండోది అవుతుంది.

సనోఫీ సంస్థ డెంగ్వాక్సియా విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. అది 17డి ఎల్లో ఫీవర్ టీకా వైరస్‌లో పై తొడుగు జన్యువులను తీసి, వాటి స్థానంలో నాలుగు డెంగీ రకాల జన్యువులను పెట్టి చేసిన టీకా. ఆసియాలోనూ లాటిన్ అమెరికాలోనూ పది దేశాల్లో 30,000 మందికి పైగా పిల్లల మీద పరీక్షించారు. మొత్తం మీద సగటు బాగానే ఉంది. కానీ మూడో ఏడాది 2 నుంచి 5 ఏళ్ల పిల్లల్లో, టీకా తీసుకున్నవారే ఎక్కువగా ఆసుపత్రి పాలయ్యారు. దానికి కారణం వయసు అనుకుని, 9 ఏళ్లు నిండినవారికి మాత్రమే ఇవ్వాలని నిర్ణయించారు. నిజానికి చిన్నపిల్లలంటే ఇంకా డెంగీ సోకనివారు ఎక్కువగా ఉన్న గుంపు. ఆ మాట తేల్చడానికి టీకాకు ముందు తీసిన రక్తం కావాలి. దాన్ని అందరి దగ్గరా తీసుకోలేదు, కొద్ది శాతం మంది దగ్గరే తీసుకున్నారు. పరీక్షల ఖర్చులో అది చిన్న పొదుపే అయినా, దాని ఫలితం పెద్దదైంది.

2016 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం బడిపిల్లలకు ఈ టీకా వేయడం ప్రారంభించింది. 8 లక్షలకు పైగా పిల్లలకు వేశారు. ఇంతలో శాస్త్రవేత్తలు ఒక ఉపాయం కనిపెట్టారు. ఈ టీకాలో ఎన్ఎస్1 అనే ప్రోటీను ఎల్లో ఫీవర్‌ది, డెంగీది కాదు. కాబట్టి టీకా వేసుకున్న మనిషి రక్తంలో డెంగీ ఎన్ఎస్1కు యాంటీబాడీలు కనిపిస్తే అవి నిజమైన డెంగీ వల్ల వచ్చినవే. ఆ పద్ధతితో దాచి ఉంచిన నమూనాలను తిరిగి పరీక్షించారు. అంతకుముందు డెంగీ సోకినవారికి టీకా రక్షణ ఇస్తోందనీ, సోకనివారికి ముప్పు పెంచుతోందనీ 2017 నవంబరు 29న సనోఫీ సంస్థ స్వయంగా ప్రకటించింది. ఆ దేశంలో పుట్టిన భయం ఒక్క డెంగీ టీకాతో ఆగలేదు. టీకాలు ముఖ్యమని గట్టిగా నమ్మేవారు 2015లో 93 శాతం ఉండగా 2018 నాటికి 32 శాతానికి పడిపోయారు. 2019 మొదట్లో అక్కడ తట్టు విజృంభించింది. ముందుగా రక్తపరీక్ష చేసి, డెంగీ సోకి ఉన్నవారికే డెంగ్వాక్సియా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఒక రక్తపరీక్ష, తర్వాత మూడు మోతాదులు అంటే బడిపిల్లల కార్యక్రమంగా అది నడవదు.

తర్వాత వచ్చినవారు ఈ పాఠం నేర్చుకున్నారు. జపాన్ సంస్థ టకేడా తన క్యూడెంగా టీకాకు పునాదిగా థాయిలాండ్‌లోని మహిడోల్ విశ్వవిద్యాలయంలో బలహీనపరచిన రెండో రకం డెంగీ వైరస్‌నే వాడింది. ఎనిమిది దేశాల్లో 20,000 మంది పిల్లలపై జరిగిన పరీక్షలో మొదటి ఏడాది 80.2 శాతం రక్షణ కనిపించింది. నాలుగున్నరేళ్లకు అది 61.2 శాతానికి తగ్గినా, ఆసుపత్రిలో చేరకుండా కాపాడటంలో 84.1 శాతం వద్ద నిలిచింది. అయితే ఎప్పుడూ డెంగీ సోకని పిల్లల్లో మూడో రకం మీద రక్షణ కనిపించలేదు. నాలుగో రకం కేసులు గట్టి నిర్ణయానికి సరిపడా లేవు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని డెంగీ తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లో 6 నుంచి 16 ఏళ్ల వారికి పరిమితంగా సూచించింది. ఈ టీకాను పెద్ద ఎత్తున తయారుచేయడానికి మన హైదరాబాదు సంస్థ బయోలాజికల్ ఇ 2024లో టకేడాతో ఒప్పందం కుదుర్చుకుంది.

బ్రెజిల్ బుటాంటాన్ సంస్థ టీకా అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పుట్టింది. వైరస్ జన్యుపటం చివర 30 అక్షరాలను తొలగించి బలహీనం చేస్తారు. ఒక్క మోతాదు చాలు. రెండేళ్లలో 79.6 శాతం రక్షణ వచ్చింది, డెంగీ ఎరగనివారిలో 73.6 శాతం. కానీ ఆ రెండేళ్లలో బ్రెజిల్‌లో మూడో రకం, నాలుగో రకం వ్యాపించనే లేదు. ఇవే వైరస్‌లను మన దేశంలో పనాసియా బయోటెక్‌తోపాటు సీరం ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కూడా తీసుకున్నాయి. పనాసియా టీకాకు 2024 ఆగస్టులో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి 10,000 మందికి పైగా పెద్దవారిపై మూడో దశ పరీక్ష మొదలైంది.

ఆ పరీక్ష ఫలితాలు వచ్చినప్పుడు చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఐసీఎంఆర్ 2017-18లో చేసిన సర్వే ప్రకారం దేశంలో 48.7 శాతం మందికి అప్పటికే డెంగీ సోకి ఉంది. దక్షిణ భారతంలో 76.9 శాతం, ఈశాన్యంలో 5 శాతమే. 5 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో 28.3 శాతం. అంటే దక్షిణాదిన పెద్దవారిపై ఎంత బాగా పనిచేసిందని తేలినా, అస్సాం పిల్లవాడి గురించి అది చెప్పేది తక్కువ. ఒక్క సగటు అంకెతో పత్రికల్లో వచ్చే వార్త దీన్ని దాచేస్తుంది.

ఇక మందుల సంగతి. వైరస్ రక్తంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది జ్వరం మొదలైన రోజుల్లో. అయిదారు రోజులకు అది దాదాపు కనుమరుగవుతుంది. ప్రమాదం మాత్రం జ్వరం దిగే వేళకు వస్తుంది. రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారిపోయి, రక్తం చిక్కబడి, రక్తపోటు పడిపోతుంది. అప్పుడు వైరస్‌ను చంపే మందు ఇచ్చినా చంపడానికి పెద్దగా ఏమీ మిగలదు. మన ఇళ్లలో ఆ రోజుల్లో అందరి చూపూ ప్లేట్‌లెట్ల అంకె మీదే ఉంటుంది. సింగపూర్, మలేసియాల్లో ప్లేట్‌లెట్లు 20,000 కంటే తగ్గిన పెద్దవారికి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే రక్తస్రావం తగ్గలేదని 2017లో వెలువడిన పరీక్ష చూపింది. బొప్పాయి ఆకు రసంతో ఆ అంకె త్వరగా పెరిగిందని చెప్పే అధ్యయనాలున్నాయి. ప్లాస్మా కారడాన్ని అది ఆపుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. చూడాల్సింది హిమటోక్రిట్‌ను, అంటే రక్తంలో ఎర్రకణాల పాలు ఎంతో చెప్పే అంకెను, రక్తపోటును, మూత్రాన్ని. ఇవ్వాల్సింది సరిపడా ద్రవాలు, ఎక్కువా కాదు తక్కువా కాదు.

మందుల ప్రయత్నాలు జరగకపోలేదు. హెపటైటిస్-సి కోసం తయారైన బాలపిరావిర్‌ను వియత్నాంలో జ్వరం వచ్చిన 48 గంటల్లోపే ఇచ్చి చూశారు, వైరస్ తగ్గలేదు. ఆస్ట్రేలియా చెట్టు గింజల్లో దొరికే పదార్థం నుంచి వచ్చిన సెల్గోసివిర్‌ను సింగపూర్‌లో 50 మందిపై పరీక్షించారు, అదీ ఫలించలేదు. ప్రయోగశాల కణాల్లో ఈ రెండింటికీ, ఎలుకల్లో సెల్గోసివిర్‌కూ మంచి పేరుంది.

ఆశ కలిగించింది మోస్నోడెన్‌విర్. బెల్జియంలోని లువెన్ విశ్వవిద్యాలయంలో యోహాన్ నైట్స్ బృందం, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి దీన్ని రూపొందించాయి. వైరస్ తన నకళ్లు తీసుకోవడానికి ఎన్ఎస్3, ఎన్ఎస్4బి అనే రెండు ప్రోటీన్లు జతకట్టాలి. ఈ రసాయనం ఆ జతను కుదరనివ్వదు. నాలుగు రకాల మీదా పనిచేస్తుంది. అమెరికాలో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు మందు ముందుగా మొదలుపెట్టి, తర్వాత బలహీనపరచిన మూడో రకం వైరస్‌ను ఎక్కించి చూశారు. అధిక మోతాదు తీసుకున్న 10 మందిలో ఆరుగురి రక్తంలో వైరస్ జాడే కనిపించలేదు. దీన్నిబట్టి ఈ మందు అసలు స్థానం రోగి మంచం పక్కన కాదనీ, ఇంట్లో ఒకరికి డెంగీ తేలినప్పుడు మిగిలినవారి దగ్గరనీ తోస్తుంది. అక్కడ సమయం ఇంకా మిగిలి ఉంటుంది. అయితే 2024 అక్టోబరులో జాన్సన్ అండ్ జాన్సన్ పరీక్షలను ఆపివేసింది. భద్రత సమస్య ఏదీ లేదని, తమ పరిశోధన ప్రాధాన్యాలు మారాయని చెప్పింది. శాస్త్రం ఓడిపోయి ఆగిన పరీక్షల కంటే ఇలా ఆగినవే నాకు ఎక్కువ బాధ కలిగిస్తాయి. అదే ఎన్ఎస్4బి మీద గురిపెట్టిన నొవార్టిస్ రసాయనం ఎన్ఐటీడీ-688 రోగులపై పరీక్షించే దశకు చేరింది. దాని ఫలితాలు వచ్చినప్పుడు మొదట వెతకవలసింది, మందు మొదటి మాత్ర జ్వరం వచ్చిన ఎన్నో గంటకు పడింది అన్న వివరం.