ఆస్తమా ఉన్న పిల్లలు ఆడొచ్చా? పీఈటీ సార్ చూపించే పద్ధతి

నమస్తే అండీ. నేను స్కూల్లో పీఈటీని. ఆస్తమా ఉన్న పిల్లలు ఆటల పీరియడ్‌లో ఏం చేస్తారో తెలుసా? స్కోరు రాస్తారు, లేదా అందరి చెప్పులకూ కాపలా ఉంటారు. ‘ఆయాసం వస్తుంది, ఆడించకండి సార్’ అని ఇంటి నుంచి చీటీ వస్తే నేనూ కొన్నేళ్లు అలాగే కూర్చోబెట్టాను.

కూర్చోబెడితే ఆస్తమా తగ్గదు, దమ్ము తగ్గుతుంది. అప్పుడు నాలుగు మెట్లెక్కినా రొప్పుతారు. బ్రిటన్ మారథాన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్‌కి ఆస్తమా ఉంది. 2003 లండన్ మారథాన్‌ని ఆవిడ 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పరిగెత్తింది. అది మహిళల ప్రపంచ రికార్డు, 2019 దాకా నిలిచింది.

పరిగెత్తేటప్పుడు నోటితో గాలి పీలుస్తాం కదా, ఆ పొడిగాలికి ఊపిరి గొట్టాలు ఆరిపోయి బిగుసుకుంటాయి. ఇబ్బంది చాలాసార్లు ఆట ఆగిన ఐదు పది నిమిషాలకు ముదురుతుంది. అంటే బెల్ కొట్టాక! నాకు కాదు, లెక్కల టీచరుకి కనబడేది.

ఇదిగో, ఇది స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే బోలు గొట్టం. ఆటకు ముందు ఇన్‌హేలర్ వాడమని డాక్టరు రాసి ఉంటే, పావుగంట ముందు వాడాలి. ఇన్‌హేలర్‌ని ఇలా బాగా ఊపండి. స్పేసర్‌కి బిగించి, స్పేసర్ రెండో కొసను నోట్లో పెట్టి దాని చుట్టూ పెదాలు గట్టిగా మూసి, ఒక్క పఫ్ నొక్కండి. మామూలుగా ఐదారుసార్లు ఊపిరి పీల్చి వదలాలి. రెండోది కావాలంటే అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి కొట్టండి. రెండూ ఒకేసారి కొడితే మందు వృథా. ‘అలవాటైపోతుందేమో’ అని టెన్షన్ వద్దు, అవదు. కానీ ఆటకు ముందు తీసుకునేది కాక, వారంలో రెండుసార్లకు మించి అవసరమైతే ఆస్తమా అదుపులో లేనట్టే. డాక్టరుకి చూపించండి.

తర్వాత వార్మప్‌గా పది నిమిషాలు నడక, చిన్న పరుగు, ఆగడం, మళ్లీ పరుగు. ఖోఖో, కబడ్డీ ఆగి ఆగి ఆడేవి కాబట్టి సులువు. జలుబు చేసిన రోజు, దీపావళి పొగ కమ్ముకున్న రోజు మాత్రం స్కోరే రాయనివ్వండి.

పిల్లికూతలు వినబడినా, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నా, పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నా ఆట ఆపేయాలి. పడుకోబెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి ఇన్‌హేలర్ ఇవ్వండి. తగ్గకపోతే వెంటనే 108.

అన్నట్టు, స్పేసర్‌ని సబ్బునీళ్లలో కడిగాక గుడ్డతో తుడవకండి. తుడిస్తే మందు లోపలి గోడలకే అంటుకుంటుంది. అలాగే ఆరనివ్వండి.