సర్వర్ కాలిపోయిందనుకుందాం: రెస్టిక్‌తో మా ఇంటి బ్యాకప్ రివ్యూ

నమస్కారమండీ. ఈ నల్ల డబ్బా కనిపిస్తోంది కదా, టీవీ కింద? మా ఇంటి సర్వర్ ఇదే. ఇప్పుడే ప్లగ్ పీకేశాను. వీడియో అయ్యేదాకా ఇది కాలిపోయిందనే లెక్క. పదేళ్ల ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్లు, మొత్తం 400 జీబీ ఇందులోనే ఉన్నాయి. వాటిని ఈ పాత ల్యాప్‌టాప్‌లోకి వెనక్కి తేగలనా అన్నదే ఇవాళ్టి పరీక్ష. బ్యాకప్‌కి వాడుతున్నది రెస్టిక్ అనే ప్రోగ్రాం. ఓపెన్ సోర్స్, పైసా కట్టక్కర్లేదు.

"రెండు డిస్కులు రెయిడ్‌లో ఉన్నాయి, ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ పడుతుంది, మళ్లీ బ్యాకప్ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. నేనూ అదే ధైర్యంతో ఉండేవాణ్ణి. ఓ రాత్రి నిద్రమత్తులో తప్పు ఫోల్డర్ డిలీట్ చేశాను. రెండో డిస్కు కూడా అదే క్షణంలో బుద్ధిగా చెరిపేసింది. డిస్కు పాడైతే రెయిడ్ ఆదుకుంటుంది, మనం చేసే తప్పుల్ని మాత్రం ఆపదు.

ఇప్పుడు ఒక కాపీ యూఎస్‌బీ డ్రైవ్‌లో, ఇంకోటి వేరే ఊళ్లో మా అన్నయ్య ఇంట్లో. వేరే ఊరు ఎందుకంటారా? 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో, సర్వర్లు అద్దెకిచ్చే ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడింది. బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్న కొందరికి రెండూ పోయాయి. అన్నయ్య దగ్గర, రెస్టిక్ పంపే కాపీల్ని అందుకునే రెస్ట్ సర్వర్ అనే ప్రోగ్రాంని అపెండ్ ఓన్లీ మోడ్‌లో నడుపుతున్నా. అంటే ఇక్కణ్ణుంచి కొత్తవి చేర్చగలం, పాతవి చెరపలేం. నా సర్వర్‌లోకి ఎవడైనా చొరబడ్డా అక్కడి కాపీ భద్రం.

నా అప్‌లోడ్ స్పీడ్ 40 ఎంబీపీఎస్. లెక్క ప్రకారం 400 జీబీకి 22 గంటలు, నాకు దాదాపు రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత మారిన ముక్కలే వెళ్తాయి కాబట్టి రోజూ కొన్ని నిమిషాల పనే.

ఇక అసలు సంగతి. పోయిన నెల ఇదే పరీక్ష మొదటిసారి చేశాను. ల్యాప్‌టాప్‌లో రెస్టిక్ పెట్టాను, యూఎస్‌బీ గుచ్చాను, పాస్‌వర్డ్ అడిగింది. ఆ పాస్‌వర్డ్ ఎక్కడుంది? సర్వర్‌లో నడిచే పాస్‌వర్డ్ మేనేజర్‌లో! బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి మూసినట్టు. రెస్టిక్‌లో ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకి వేసే తాళం, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, పాస్‌వర్డ్ పోతే డేటా పోయినట్టే. సిగ్గుపడుతూ సర్వర్ మళ్లీ ఆన్ చేసి చూసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడది కాగితం మీద రాసి, నిజంగానే బీరువాలో పెట్టాను. చెవి బయటే ఉందిలెండి.

రెండో దెబ్బ: ఫొటోలన్నీ వచ్చాయి, ఆల్బమ్‌లు రాలేదు. మా ఫొటోల యాప్ ఇమిచ్. ఆల్బమ్‌లు, మనుషుల ముఖాలకి పెట్టిన పేర్లు అన్నీ దాని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి. నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ని నేను అలాగే కాపీ కొట్టేశాను. అది సగం రాసిన ఉత్తరం లాంటిది, మళ్లీ లేవలేదు. ఇప్పుడు ముందు డంప్ తీసి, అంటే డేటాబేస్ మొత్తాన్ని పద్ధతిగా ఒక ఫైల్‌లోకి రాయించి, ఆ ఫైల్‌ని బ్యాకప్‌కి పంపుతున్నా.

ఇదిగో, ఇవాళ్టి ఫలితం చూడండి. గంటన్నరలో మొత్తం దిగింది. మా పాప అన్నప్రాశన ఆల్బమ్, పేర్లతో సహా.

రెస్టిక్‌లో నచ్చనివి కూడా చెప్పాలి. సొంత విండో లేదు, అంతా కమాండ్లే. నాకేమైనా అయితే మా ఇంట్లో ఇంకెవరూ దీన్ని నడపలేరు, అది చిన్న లోపం కాదు. పాత బ్యాకప్‌లని జాబితాలోంచి తీసేసే ఫర్గెట్ కమాండ్ కొట్టినంత మాత్రాన స్థలం ఖాళీ అవదు, వాటి డేటాని నిజంగా చెరిపే ప్రూన్ కూడా కొట్టాలి. కమాండ్లంటే భయం లేనివాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. మిగతావాళ్లు ఒక్క యూఎస్‌బీ కాపీతోనైనా మొదలుపెట్టండి.

సరే, ప్లగ్ పెట్టేస్తున్నా. సినిమా రావట్లేదని లోపల్నుంచి అరుపులు మొదలయ్యాయి.