పగ ఒకడి మీద, లంచం అందరిదీ

శ్రోతలకు నమస్కారం.

షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో హంతకుడెవరో మొదటి అంకంలోనే తెలిసిపోతుంది. అన్నను చంపి గద్దెనెక్కిన రాజు. చనిపోయిన అన్న కొడుకు హామ్లెట్ పగ తీర్చుకోవడంలో ఎంత తాత్సారం చేసినా గురి మాత్రం ఒకటే. జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1960లో అదే కథను తలపించే ‘ది బ్యాడ్ స్లీప్ వెల్’ సినిమా తీసినప్పుడు ఆ గురినే చెదరగొట్టారు. రాజ్యం బదులు ప్రభుత్వ భూ అభివృద్ధి కార్పొరేషన్, విషం బదులు కాంట్రాక్టులో కమీషన్.

కార్పొరేషన్ ఉపాధ్యక్షుడు ఇవాబుచి. ఆయన కూతురు యోషికోని ఆయన కార్యదర్శి నిషి పెళ్లాడతాడు. నిషిగా తొషిరో మిఫూనే నటించాడు. పెళ్లి విందులోకి రెండో కేకు వస్తుంది. అది కార్పొరేషన్ ఆఫీసు ఆకారంలో ఉంటుంది, ఏడో అంతస్తు కిటికీలో ఒక గులాబీ గుచ్చి ఉంటుంది. అయిదేళ్ల కిందట ఫురుయా అనే అధికారి దూకి చనిపోయింది ఆ కిటికీలోంచే. నిషి ఆయన కొడుకే, కాకపోతే పెళ్లి లేని సంబంధంలో పుట్టినవాడు. హామ్లెట్ నటుల చేత హత్య ఆడించి రాజు ముఖం చూశాడు కదా, ఆ పని ఇక్కడ కేకు చేస్తుంది.

హామ్లెట్‌కి కనిపించే తండ్రి దయ్యం సంగతి ఇక్కడ ఇంకా గొప్పగా కుదిరింది. కేసు తమ దాకా రాకుండా పైవాళ్లు వాడే ఆయుధం కింది ఉద్యోగి ఆత్మహత్య. నోరు విప్పకుండా చచ్చిపోతే దర్యాప్తు అక్కడితో ఆగిపోతుంది. వాడా అనే చిన్న అధికారి అలాగే అగ్నిపర్వతంలో దూకబోతే నిషి ఆపుతాడు. వాడా చనిపోయాడనుకుని చేస్తున్న అంత్యక్రియలను వాడానే కారులోంచి చూడమంటాడు. పైవాళ్లు చాటుగా మాట్లాడుకున్నది టేపులో వినిపిస్తాడు. బతికున్న ఆ మనిషినే దయ్యంలా చూపి, షిరాయ్ అనే మరో అధికారికి మతి చలించేలా చేస్తాడు.

మరి ఎక్కడ బెడిసింది? నిషికి ప్రాణం తీయడం చాలదు, రుజువు కావాలి. పాడుబడ్డ ఆయుధ కర్మాగారంలో ఒక పెద్ద అధికారిని బంధించి, తిండి పెట్టకుండా నిజం కక్కిస్తాడు కూడా. కానీ ఈలోగా భార్య మీద ప్రేమ నిజమైపోయింది. ఇవాబుచి కూతురికి అబద్ధం చెప్పి ఆ చోటు తెలుసుకుంటాడు. నిషి నరంలోకి ఆల్కహాల్ ఎక్కించి, కారులో పెట్టి రైలు కింద పడేస్తారు. చూసేవాళ్లకి అది తాగి చేసిన ప్రమాదం. ఇంకో చిక్కు కూడా ఉంది. నిషి, అతని స్నేహితుడు ఇటాకురా ముందే ఒకరి పేరు ఒకరు పెట్టుకున్నారు. ఇప్పుడు ఇటాకురా తానెవరో కూడా రుజువు చేసుకోలేడు.

నిషి చావును తెరమీద చూపకుండా మాటల్లో చెప్పించడం లోపమని కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం అదే న్యాయమనిపిస్తుంది. హామ్లెట్ చనిపోయే ముందు రాజుని పొడవగలిగాడు. ఇక్కడ ఇవాబుచి కూడా ఫోనులో ఎవరికో వంగి వంగి నమస్కరిస్తాడు, ఆ గొంతు మనకు వినబడనే వినబడదు. నిషి పగకు అసలు మనిషి దొరకనే లేదు.

సినిమా రెండున్నర గంటలు. పెళ్లి విందు దగ్గర నిలబడి పాత్రికేయులు ఒక్కొక్కరి పేరూ, హోదా చెప్పుకుంటుంటారు. అక్కడ చెవి ఒగ్గి వింటే తర్వాత కథలో ఎవరు ఎవరికి పైవాడో తికమక ఉండదు.

నమస్కారం.