స్నానాలగది బాగుచేయించేటప్పుడు ఏ నిర్ణయానికి ఎంత తల బద్దలుకొట్టుకోవాలి?

[దృశ్యం: పాత టైల్స్ కొట్టేసిన చిన్న స్నానాలగది. మూలన సిమెంటు సంచులు, గోడ మీద పెన్సిలుతో గీసిన గీతలు కనిపిస్తాయి.]

నమస్కారం. ఉదయం 9 గంటలకు మీరు ఆఫీసుకు బయలుదేరుతుండగా ప్లంబరు గుమ్మంలో నిలబడి, "సార్, డైవర్టర్ ఎంత ఎత్తుల పెట్టమంటరు?" అని అడుగుతాడు. నీళ్లను షవర్‌కో కుళాయికో మళ్లించే ఆ పిడి సంగతి ఆ క్షణం దాకా మీ తలలోకి వచ్చి ఉండదు. సాయంత్రం చెబుతానంటే ఆ రోజు పని ఆగిపోతుంది, కూలి మాత్రం ఇవ్వక తప్పదు. నోటికి వచ్చిన ఎత్తు చెప్పేస్తే ఇక ఎన్నేళ్లయినా ఆ ఎత్తుకే చేయి చాచాలి. స్నానాలగది బాగుచేయించుకునేవారికి విసుగు పుట్టేది సరిగ్గా ఇటువంటి చోటనే. ఆ విసుగును ఎలా తట్టుకోవాలో, ఏ నిర్ణయం మీద ఎంత శ్రద్ధ పెట్టాలో ఈ వీడియోలో చెప్పుకుందాం.

మల్కాజిగిరిలో పాతికేళ్ల కిందట కట్టిన ఒక అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తులో మా ఇల్లు. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు ఉన్న స్నానాలగదిని పూర్తిగా కొట్టించి మళ్లీ కట్టించుకున్నాం. పది రోజుల్లో అయిపోతుందనుకున్న పని నాలుగు వారాలు సాగింది. గోడ టైల్స్ రంగు కోసం ట్రూప్ బజారులో రెండు ఆదివారాలు తిరిగాం, ఇంటికొచ్చి వాదించుకున్నాం, ఒక పూట మా మధ్య మాటలే లేవు. కుళాయి ఎక్కడ ఉండాలన్నది మాత్రం రెండు నిమిషాల్లో తేల్చేశాం. ఇప్పుడు ఆ రంగు మా కంట పడనే పడదు, కుళాయితో మాత్రం రోజూ ఇబ్బందే.

[దృశ్యం: గోడకు మరీ దగ్గరగా ఉన్న కుళాయి కింద బకెట్. నీటి ధార బకెట్ అంచు మీద పడి చిందుతుంది.]

షవర్ ఉన్నా మనలో చాలామంది బకెట్‌తోనే స్నానం చేస్తాం. మా ఇంట్లో బకెట్ ఎత్తు 13 అంగుళాలు. కుళాయి మూతి దానికంటే కనీసం నాలుగైదు అంగుళాలు పైన ఉండాలి, గోడ నుంచి తగినంత ముందుకు రావాలి; అప్పుడే ధార బకెట్ మధ్యలో పడుతుంది. ప్లంబరు గోడ మీద గుర్తు పెట్టిన రోజున ఆ బకెట్‌ను తెచ్చి అక్కడ నిలబెట్టి చూసి ఉంటే సరిపోయేది. నేలకు నీళ్లు పారే వాటం, టైలు వచ్చాక మట్టం రెండు మూడు అంగుళాలు పెరుగుతుంది కాబట్టి, బకెట్ కింద ఒక ఇటుక పెట్టి కొలవాలని నాకు తర్వాత తెలిసింది. మీరు ఆ పని ముందే చేయండి.

ఈ అనుభవం తర్వాత నేను నిర్ణయాలన్నిటినీ ఒకే ప్రశ్నతో వేరు చేయడం మొదలుపెట్టాను. ఇది టైలు వెనక ఉండేదా, టైలు పైన ఉండేదా? పైపులు, వాటం, వాటర్‌ప్రూఫింగ్ పూత, నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్, కరెంటు వైర్లు టైలు వెనక ఉంటాయి. వాటిలో తప్పు జరిగితే మళ్లీ పలుగు పట్టాల్సిందే. అద్దం, అరలు, టవల్ కడ్డీ, షవర్ మూతి పైన ఉంటాయి. వచ్చే దసరాకైనా మార్చుకోవచ్చు. చిక్కల్లా మేస్త్రి ఈ రెండు రకాల ప్రశ్నలనూ ఒకే గొంతుతో, ఒకే తొందరతో అడగడంలోనే ఉంది. అందువల్ల అన్నీ ఒకే బరువుగా తోచి మనసు అలసిపోతుంది. మీ ఓపికను టైలు వెనక వాటి కోసం దాచుకోండి.

వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది నీళ్లు నిలబెట్టి చూసే పరీక్ష. వాటర్‌ప్రూఫింగ్ పూత ఆరిన తర్వాత, టైల్స్ వేయడానికి ముందు, బయటికి పోయే రంధ్రాలన్నిటినీ బిగించి, గడప దగ్గర సిమెంటుతో చిన్న కట్ట కట్టి, ఒకటి రెండు అంగుళాల లోతున నీళ్లు నింపి, కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు కదిలించకుండా ఉంచాలి. గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత గీయండి, మర్నాడు మట్టం ఆ గీత కంటే దిగిందేమో చూసి, కింది ఇంటివారి తలుపు తట్టి వారి స్నానాలగది పైకప్పును చూసి రండి. ఈ పరీక్ష అడిగినప్పుడు మా మేస్త్రి, "ఏం గాదు సార్, ఇరవై ఏండ్ల సంది చేస్తున్న" అన్నాడు. ఆయన నిజమే చెప్పి ఉండవచ్చు, పనిమంతుడు కూడా. అయినా అక్కడ మొహమాటపడకూడదు. నగరంలో పాత అపార్ట్‌మెంట్లలో చాలావాటికి స్నానాలగది శ్లాబును లోతుగా దించి, ఆ గుంతను ఇటుక ముక్కలతో నింపుతారు. పూతలో సన్నటి పగులు ఉన్నా నీరు ముందు ఆ ఇటుక ముక్కల్లోకి ఇంకుతుంది, కింది ఇంట్లో చెమ్మ కనిపించేసరికి నెలలు గడుస్తాయి. అప్పటికి మేస్త్రి ఇంకో కాలనీలో ఇంకో పనిలో ఉంటాడు. రెండు రోజులు పని ఆగుతుందనే చిరాకును ముందే లెక్కలో వేసుకుని, ఆ రెండు రోజుల కూలి గురించి ఒప్పందం రోజునే మాట్లాడుకుంటే, పరీక్ష నాడు గొడవ ఉండదు.

వాటం సంగతి కూడా అంతే. నేల నహానీ ట్రాప్ వైపు అడుగుకు 1/8 అంగుళం నుంచి 1/4 అంగుళం దాకా దిగాలి. టైలు అతికిన వెంటనే, సిమెంటు గట్టిపడకముందే, ఒక చెంబెడు నీళ్లు దూరపు మూలన పోసి చూడండి. ఎక్కడైనా నిలిస్తే ఆ టైలును అప్పుడే లేపి సరిచేయించవచ్చు. మర్నాటికి ఆ అవకాశం పోతుంది.

[దృశ్యం: గోడలో బిగించిన డైవర్టర్. దాని ప్లాస్టిక్ మూత మీద ఉన్న రెండు గీతలను దగ్గరగా చూపించాలి.]

గోడలోపల బిగించే డైవర్టర్లలో చాలావాటి మూత మీద రెండు గీతలు ఉంటాయి. పూర్తయిన గోడ, అంటే టైలు ముఖం, ఆ రెండు గీతల మధ్యకు రావాలి. ఇటుక గోడను చూసి బిగిస్తే, తర్వాత ప్లాస్టరు, టైలు మందం కలిసి డైవర్టర్ లోతుకు పోయి పిడి సరిగా కూర్చోదు. కమోడ్ కూడా ఇటువంటిదే. నేలలోకి దిగే రకానికి గోడ నుంచి రంధ్రం మధ్య వరకు ఉండే దూరం ఒక్కో నమూనాకు ఒక్కోలా, 4, 9 లేదా 12 అంగుళాలుగా ఉంటుంది. ఆ దూరాన్ని కూడా టైలు ముఖం నుంచే లెక్కించాలి. కాబట్టి కమోడ్, డైవర్టర్ నమూనాలను గోడ కొట్టకముందే కొని ఇంట్లో పెట్టుకోండి. రంగు టైల్స్ ఆ తర్వాత చూసుకోవచ్చు. మేము సరిగ్గా తలకిందులుగా చేశాం.

ఇక టైల్స్ గురించి. లెక్కకు అదనంగా పదో వంతు ముందే కొనండి. మాకు చివరలో రెండు పెట్టెలు తక్కువపడితే అదే దుకాణానికి వెళ్లి అదే పేరుతో తెచ్చుకున్నాం, కానీ అతికాక చూస్తే ఛాయ వేరుగా ఉంది. పెట్టె మీద ఛాయ సంఖ్య, బ్యాచ్ సంఖ్య ముద్రించి ఉంటాయని, ఆ రెండూ కలిస్తేనే రంగు కలుస్తుందని దుకాణంలో మాకు ఎవరూ చెప్పలేదు. కొన్న రోజునే ఆ సంఖ్యలను ఫోన్లో ఫోటో తీసుకోండి. విప్పని పెట్టెలను వెనక్కి తీసుకుంటారా అన్నది బిల్లు మీద రాయించుకోండి.

రంగుల విషయంలో హైదరాబాదు వారు ఆలోచించాల్సింది నీటి గురించి. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వచ్చే ఇళ్లలోనూ వేసవిలో బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో తప్పవు. మన బోరు నీళ్లు చాలా చోట్ల కఠినంగా ఉంటాయి, ఆరిన ప్రతి చుక్కా తెల్లటి మచ్చ వదులుతుంది. నల్లటి కుళాయిలు, ముదురు టైల్స్, గాజు అడ్డుగోడ దుకాణంలో దీపాల కింద ఎంతో అందంగా ఉంటాయి. ఇంట్లో వాటిని రోజూ తుడిచేదెవరో ముందుగా తేల్చుకుని కొనడం మంచిది. నా మటుకు నేను లేత బూడిదరంగు టైలు, మామూలు క్రోమ్ కుళాయి చాలంటాను.

ఇంట్లోవాళ్ల మధ్య అభిప్రాయభేదాలు వస్తే, ఆ వస్తువును ఎక్కువగా ఎవరు వాడతారో వారి మాట చెల్లనివ్వండి. మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. నేల టైలు నునుపుగా మెరవాలన్నది మా అందరి కోరిక. ఆయన తడి కాళ్లతో దుకాణంలోని నమూనా మీద నిలబడి, "ఇది జారుతుందిరా" అన్నారు. గరుకు టైలు తీసుకున్నాం. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ బిగించడానికి ఆ చోట గోడను గట్టిగా కట్టించాం. ఇదీ టైలు వెనక నిర్ణయమే, ఇప్పుడు కడ్డీ పెట్టకపోయినా గోడను మాత్రం సిద్ధం చేయించండి. గీజరు 16 ఆంపియర్ల సాకెట్ స్థానం, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి కూడా ఈ దశలోనే ఎలక్ట్రీషియన్‌తో తేల్చుకోవాలి.

ఉదయపు కంగారుకు ఒక చిన్న అలవాటు మందులా పనిచేసింది. సాయంత్రం మేస్త్రి చేతులు కడుక్కుని వెళ్లేముందు, "రేపు నన్ను ఏమేం అడుగుతావన్నా?" అని అడిగి, ఆయన చెప్పినవి కాగితం మీద రాసుకునేవాణ్ని. రాత్రి భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ మాట్లాడుకుని జవాబులు రాసి, ఉదయం ఆ కాగితాన్ని గోడకు అంటించి ఆఫీసుకు వెళ్లేవాణ్ని. ఫోన్లు సగానికి పైగా తగ్గిపోయాయి. టైలు పైన ఉండే వాటికి ఆ కాగితం మీద "తర్వాత" అని రాసి వదిలేశాం. అద్దం ఆరు నెలల తర్వాత కొన్నాం, ఈలోగా ఎవరికీ ఏ లోటూ కలగలేదు.

[దృశ్యం: పైపులు కనిపిస్తున్న గోడకు ఆనించి పట్టిన కొలత టేపు. ఫోన్‌తో ఫోటో తీస్తున్న చేయి.]

గోడలు మూసే రోజున మరొక్క పని చేయండి. నేల నుంచి, మూల నుంచి టేపు పట్టి, ప్రతి పైపు, ప్రతి వైరు ఎంత దూరంలో ఉందో అంకెలు కనిపించేలా నాలుగు గోడలకూ ఫోటోలు తీసి, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో దాచండి. ఆరు నెలల తర్వాత అద్దం బిగించడానికి వచ్చినతను డ్రిల్లు చేతబట్టి "సార్, ఇక్కడ పైపు ఉన్నదా?" అని అడిగినప్పుడు, నేను ఆ ఫోటో తీసి చూపించాను. ఆయన రెండు అంగుళాలు పక్కకు జరిగి రంధ్రం చేశాడు.