"ఏమీ కాలేదుగా" అనకండి: విమానాల నియర్ మిస్ వెనక అసలు సంగతి

కోరాపుట్, జయపురం, రాయగడ వైపు నుంచి చూస్తున్న మనవాళ్లందరికీ నమస్తే. ఎయిర్‌పోర్టు దగ్గర రెండు విమానాలు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయని వార్త వచ్చిన ప్రతిసారీ కింద రెండు రకాల కామెంట్లు కనిపిస్తాయి. ఒకటి "పైలట్ చూసి పక్కకి తిప్పేశాడు, హీరో". రెండోది "ఏమీ కాలేదుగా, దీనికింత హడావుడి ఎందుకు". మొదటిది తెలియక అనే మాట, సరే. రెండోది వింటే మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది.

ముందు ఆ "చూసి తిప్పేశాడు" సంగతి తేలుద్దాం. పది వేల అడుగుల కింద విమానాల వేగం మామూలుగా 250 నాట్లు దాటకూడదు, అంటే గంటకి 460 కిలోమీటర్లు. రెండూ ఎదురెదురుగా ఆ వేగంతో వస్తే మధ్యలో ఉన్న ఐదు కిలోమీటర్లు 20 సెకన్లలో అయిపోతాయి, అంత దూరంలో ఎదురు విమానం అద్దంలో ఒక చుక్క, అంతే. ఇంకోటి వినండి, నాకు చాలా ఇష్టమైన విషయం ఇది: ఇద్దరూ తమ తమ వేగం, దిశ మార్చకుండా పోతూ ఉంటే, నిజంగా వచ్చి గుద్దుకోబోయే విమానం అద్దంలో కదలదు. పక్కకి జరుగుతూ కనిపించిందంటే అది మనల్ని దాటి పోయేదే. గుద్దుకునేది ఉన్నచోటే ఉండి, ఆఖరి కొన్ని సెకన్లలో ఒక్కసారిగా పెద్దదైపోతుంది. మన కన్నేమో కదిలేదాన్నే టక్కున పట్టుకుంటుంది. అందుకే కళ్లని నమ్ముకుంటే కుదరదు.

[స్క్రీన్ మీద: ఘాట్ రోడ్డు మలుపు, రెండు వైపుల నుంచి రెండు లారీలు]

సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే ఘాటీ మీకు నేను చెప్పక్కర్లేదు. మలుపుకి అటొక లారీ, ఇటొక లారీ, మధ్యలో కొండ. డ్రైవర్లకి ఒకరికొకరు కనపడరు. ఇప్పుడు రెండు లారీల క్లీనర్లూ ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారనుకోండి, "నువ్వు కొండవైపు ఒత్తు, నేను లోయవైపు ఉంటా" అని. విమానంలో ఆ క్లీనర్ పని చేసే పరికరం పేరు టీకాస్. చుట్టుపక్కల విమానాలని సిగ్నల్‌తో పలకరిస్తుంది, జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కేస్తుంది, ఎత్తు ఎంతో ఆ జవాబులోనే ఉంటుంది. ఐదు వేల నుంచి పది వేల అడుగుల మధ్య అయితే దాదాపు 40 సెకన్ల ముందు "ట్రాఫిక్, ట్రాఫిక్" అంటుంది. ఇంకా దగ్గరైతే, దాదాపు 25 సెకన్ల ముందు, ఒకరికి "క్లైంబ్" (ఎక్కు) అని, రెండోవాళ్లకి "డిసెండ్" (దిగు) అని చెబుతుంది, రెండు క్లీనర్లూ ముందే మాట్లాడేసుకున్నారు కాబట్టి ఇద్దరికీ ఒకే మాట రాదు. గమనించారా, కుడికి తిప్పు ఎడమకి తిప్పు అని ఎక్కడా లేదు. ఎదుటి విమానం ఏ దిక్కున ఉందో కచ్చితంగా చెప్పేంత పదును దాని యాంటెన్నాకి లేదు, అందుకే పైకో కిందికో మాత్రమే.

మన దేశంలో ఇది తప్పనిసరి అవడానికి ఎంత ఖరీదు చెల్లించామో తెలుసా? 1996 నవంబర్ 12, హర్యానాలోని చర్ఖీ దాద్రీ. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానాన్ని 14 వేల అడుగుల దగ్గర ఉండమన్నారు, ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ విమానాన్ని 15 వేల దగ్గర ఆగమన్నారు. అది ఆగకుండా కిందికి దిగింది. 349 మంది పోయారు, ఒక్కరూ మిగల్లేదు.

సరే, మళ్లీ ఘాటీకి రండి. మలుపు పైన వైర్‌లెస్ సెట్‌తో ఒక కానిస్టేబుల్ ఉన్నాడు, రెండు వైపులా ఆయనకి కనిపిస్తాయి. ఆయనే మన ఏటీసీ, అంటే నేల మీద నుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్. రోజంతా బండ్లని నడిపించేది ఆయనే, ఆయన మాట వినాల్సిందే. కానీ ఆ ఆఖరి క్షణంలో క్లీనర్ "కొండవైపు" అని, కానిస్టేబుల్ "లోయవైపు" అంటే డ్రైవర్ ఎవరి మాట వినాలి?

2001 జనవరి 31, జపాన్. టోక్యోలోని హనేడా నుంచి లేచి పైకి ఎక్కుతున్న జంబో విమానానికి టీకాస్ "ఎక్కు" అంది. కంట్రోలరేమో ఫ్లైట్ నంబర్లు తారుమారై, రెండో విమానానికి చెప్పాల్సిన "దిగు" దీనికి చెప్పాడు. పైలట్ కానిస్టేబుల్ మాటే విన్నాడు. అవతలి విమానం తన క్లీనర్ మాట విని అదీ దిగింది. ఇద్దరూ ఒకేవైపు ఒత్తారు! రెండింట్లో కలిపి 677 మంది. ఆఖరి క్షణంలో ఎలాగో తప్పింది, వంద మంది దాకా గాయపడ్డారు, ఎవరూ చనిపోలేదు. మీ భాషలో చెప్పాలంటే "ఏమీ కాలేదు".

క్లీనర్ మాటే ఆఖరి మాట అని రూల్ స్పష్టంగా మార్చండని జపాన్ అంతర్జాతీయ విమానయాన సంస్థ ఐకావోని అడిగింది. మారలేదు. 17 నెలలు గడిచాయి. 2002 జులై 1 రాత్రి, జర్మనీలో ఊబర్లింగెన్ మీద అచ్చం అదే. రష్యా విమానానికి టీకాస్ "ఎక్కు" అంది, ఒంటరిగా రెండు స్క్రీన్లు చూసుకుంటున్న కంట్రోలర్ "దిగు" అన్నాడు, అది దిగింది, అవతలి కార్గో విమానమూ దిగింది. 71 మంది పోయారు. అందులో ఎక్కువమంది సెలవులకి వెళ్తున్న పిల్లలు. ఆ తర్వాతే రూల్ మారింది. ఇప్పుడు టీకాస్ ఎక్కమంటే ఏటీసీ దిగమన్నా ఎక్కాల్సిందే. జపాన్‌లో జరిగిందాన్ని ప్రమాదంగానే లెక్కేసి వెంటనే కదిలి ఉంటే ఆ పిల్లలు ఇవాళ పెద్దవాళ్లై ఉండేవాళ్లు. నాకు కోపం ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

టైమ్ అయిపోతోంది, అసలు ఎయిర్‌పోర్టు దగ్గర్లో ఏమవుతుందో త్వరగా చెప్పేస్తా. దాదాపు వెయ్యి అడుగుల కింద టీకాస్ "ఎక్కు, దిగు" అని చెప్పడం మానేస్తుంది. అక్కడ "దిగు" అంటే నేలకే కొట్టుకుంటాం కదా. అంటే ఘాటీలో ఆఖరి మలుపు దగ్గర క్లీనర్ నోరు మూసుకుంటాడు, మిగిలింది కానిస్టేబుల్ మాట, డ్రైవర్ కళ్లు. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో దిగుతున్న విమానం, ఆర్మీ హెలికాప్టర్ గుద్దుకుంది దాదాపు 300 అడుగుల ఎత్తులో, 67 మంది పోయారు. మనం విమానం ఎక్కడానికి వెళ్లే విశాఖ ఎయిర్‌పోర్టు కూడా నేవీ వాళ్ల స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలోనే ఉంది, అక్కడ ప్యాసింజర్ విమానాలూ నేవీ విమానాలూ ఒకే ఆకాశం పంచుకుంటాయి. భయపడమని కాదు, కంట్రోలర్ పని ఎంత బరువైనదో తెలియాలని చెబుతున్నా.

ఇక బెంగళూరు. 2022 జనవరి 7 ఉదయం, పక్కపక్కనే ఉన్న రెండు రన్‌వేల నుంచి రెండు విమానాలు దాదాపు ఒకేసారి లేచాయి. ఒకటి కోల్‌కతాకి, ఒకటి మన భువనేశ్వర్‌కి. ఒక రన్‌వే మూసేయాలన్న నిర్ణయం అక్కడి కంట్రోలర్‌కి చేరలేదు. గాల్లో రెండూ దగ్గరవుతుంటే రాడార్ చూస్తున్న ఇంకో కంట్రోలర్ పసిగట్టి చెరో దిక్కుకి తిప్పించారు. ఆయనకి దండం పెట్టాలి. కానీ ఆ సంగతి లాగ్‌బుక్‌లో రాయనేలేదని, పైకి చెప్పలేదని అప్పట్లో వార్తల్లో వచ్చింది. తర్వాత మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి తెలిసి దర్యాప్తు జరిగింది కాబట్టి సరిపోయింది, తెలియకపోయి ఉంటే అదీ "ఏమీ కాలేదుగా" లెక్కలోనే పోయేది.