డబ్బు పోయింది, ఊరు మిగిలింది: సఫోక్ పల్లెల్లో సైకిలు దారి

[దృశ్యం: సన్నటి తారు దారి, రెండువైపులా భుజమెత్తు పొదల కంచె. కెమెరా హ్యాండిలు మీద.]

ఇంగ్లండ్ పల్లెల్లో సైకిలు తొక్కాలని ఉందంటే ఎవరైనా కాట్స్‌వోల్డ్స్‌కే పంపిస్తారు. వెళ్లండి, బాగానే ఉంటుంది. కాకపోతే అక్కడ గుట్టలెక్కువ, వేసవిలో టూరిస్టు బస్సులూ ఎక్కువే. మోకాళ్ల మీద జాలి ఉన్నవాళ్లకి నేను చెప్పేది సఫోక్. లండన్‌కి ఈశాన్యాన ఉంటుంది. కౌంటీ మొత్తంలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు గ్రేట్ వుడ్ హిల్. దాని ఎత్తు 128 మీటర్లు, అంతే.

ఈ వీడియోలో ఒక దారి చూపిస్తాను. దాంతోపాటు ఒక ప్రశ్న కూడా తేల్చుకుందాం. ఐదొందల ఏళ్ల నాటి కర్ర ఇళ్లు ఇక్కడ ఇన్ని ఎలా మిగిలాయి? "వాళ్లు పాతవి కాపాడుకుంటారండీ" అంటారు. అది సగం జవాబే.

[దృశ్యం: మ్యాప్. గీత కదులుతూ: మానింగ్‌ట్రీ, ఫ్లాట్‌ఫర్డ్, ఈస్ట్ బెర్గోల్ట్, హాడ్లీ, కెర్సీ, లావెన్‌హామ్, లాంగ్ మెల్‌ఫర్డ్, సడ్‌బరీ.]

లండన్ లివర్‌పూల్ స్ట్రీట్‌లో రైలెక్కితే గంటలో మానింగ్‌ట్రీ. సైకిలు రైల్లో వస్తుంది. కాకపోతే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు వేళల్లో, ఉదయం లండన్ వైపు, సాయంత్రం లండన్ నుంచి, మడతపెట్టే సైకిళ్లని తప్ప ఎక్కనివ్వరు. శని, ఆదివారాల్లో ఆ బాధ లేదు. దారి మొత్తం 50 కిలోమీటర్లకి అటూ ఇటూ. గట్టిగా తొక్కితే ఒక్క రోజులో అయిపోతుంది. కానీ లావెన్‌హామ్‌లో రాత్రి ఆగి, రెండు రోజులు చేసుకోండి.

[దృశ్యం: పొలం అంచున మలుపు, ఇంకో మలుపు, ఇంకో మలుపు.]

ఈ దారులు ఎందుకిలా మెలికలు తిరుగుతాయి? సఫోక్‌లో పొలాలకి కంచెలు చాలా పాతకాలంలోనే పడ్డాయి. దారి ఆ పొలాల గట్లు పట్టుకుని పోయింది. ఇంగ్లండ్‌లో తిన్నటి రోడ్డు కనిపిస్తే, రోమన్లు వేసిందో, తర్వాతి రోజుల్లో పార్లమెంటు చట్టంతో భూములు పంచి గీత గీసిందో అయి ఉండొచ్చు.

మెలికలు చూడ్డానికి ముచ్చటే, కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. తెల్లటి గుండ్రటి బోర్డు మీద ఏటవాలు నల్ల గీత కనిపిస్తే, రెండు కార్లు పక్కపక్కన పట్టని ఆ దారిలో కూడా గంటకి 60 మైళ్ల దాకా చట్టప్రకారం పోవచ్చు. అంటే 96 కిలోమీటర్లు. మలుపు దగ్గర మరీ కంచెకి అతుక్కుని పోకండి, మీరు కనబడరు. 2022లో మారిన హైవే కోడ్ (అక్కడి రోడ్డు నియమాల పుస్తకం) ప్రకారం, 30 మైళ్ల లోపు వేగంతో దాటే కారు మీకు కనీసం మీటరున్నర ఎడం ఇవ్వాలి. వేగం పెరిగితే ఇంకా ఎక్కువ.

పొలాల్లోకి పోయే దారుల దగ్గర బాణం రంగు చూడండి. పసుపు బాణమైతే నడిచేవాళ్లకే. నీలం బాణం గుర్రాల దారి, 1968 చట్టంతో అక్కడ సైకిలుకీ హక్కు వచ్చింది. ఆ హక్కుని వానాకాలం బురదలో వాడుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే తారు రోడ్డే ఎక్కుతాను.

[దృశ్యం: ఫ్లాట్‌ఫర్డ్ మిల్లు, నీళ్లు, తెల్ల ఇల్లు.]

ఇది ఫ్లాట్‌ఫర్డ్. చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్ తండ్రి మిల్లు. 1821 నాటి 'ది హే వెయిన్' బొమ్మలో ఉన్న ఇల్లు ఇప్పటికీ అక్కడే ఉంది. ఫొటో తీసుకుని ముందుకి పదండి, ఇక్కడ జనం ఎక్కువ. అసలు చూడాల్సింది ఈస్ట్ బెర్గోల్ట్ చర్చి ఆవరణలో ఉంది.

[దృశ్యం: నేల మీద చెక్క షెడ్డు, కర్రల సందుల్లోంచి గంటలు.]

చర్చికి గంటల గోపురం మొదలుపెట్టారు, సగంలో ఆగిపోయింది. డబ్బిస్తానన్న కార్డినల్ వూల్సీ, అంటే ఎనిమిదో హెన్రీ రాజు దగ్గరి పెద్ద మంత్రి, పదవి పోవడం వల్లేనని చెబుతారు. గంటలు ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా, 1531లో ఈ షెడ్డు కట్టి నేలమీదే పెట్టారు. తాత్కాలికంగా! ఐదు గంటలు, టన్నుల బరువు. తాళ్లూ చక్రాలూ లేవు. మనిషి గంట పక్కన నిలబడి, దాని పైనున్న దూలాన్ని చేత్తో తోసి తోసి ఊపుతాడు.

[దృశ్యం: కెర్సీ వీధి. కిందికి దిగి, వాగు దాటి, మళ్లీ పైకి.]

హాడ్లీ దాటాక కెర్సీ. ఊరి నడివీధికి అడ్డంగా వాగు పారుతుంది. నాచు పట్టిన అడుగు జారుతుంది, సైకిలు దిగి పక్కనున్న చిన్న వంతెన మీంచి నడిపించండి. ఆ తర్వాతి ఎక్కుడులో 128 మీటర్ల గురించి నేను చెప్పిందంతా నమ్మబుద్ధి కాదు. చిన్న గేరు వేయండి.

[దృశ్యం: లావెన్‌హామ్. వాలిపోయిన ఇళ్లు. నెమ్మదిగా.]

ఇక లావెన్‌హామ్. చట్టం రక్షణ ఉన్న పాత కట్టడాలు ఈ చిన్న ఊళ్లోనే 300కి పైగా ఉన్నాయి.

దగ్గరికి వెళ్లి ఒక గోడ చూడండి. నిలువు ఓక్ కర్రలు, మధ్యలో తడికలు, వాటి మీద గడ్డి కలిపిన మట్టి. కర్రలకి మేకులుండవు, చెక్క చీలలే. ఓక్ ఎండితే ఉలికి లొంగదు, అందుకని పచ్చిగా ఉండగానే కోసి బిగించేవాళ్లు. ఇల్లు కట్టాక కర్ర ఎండింది, మెలి తిరిగింది, ఇల్లూ దాంతో పాటే వంగింది. కర్రల మధ్య ఎడం కూడా గమనించండి. ఎంత దగ్గరగా ఉంటే అంత డబ్బున్న ఇల్లు. కర్ర అంత అవసరమై కాదు, చూపించుకోవడానికి.

ఆ డబ్బు నీలం ఉన్ని గుడ్డది. వోడ్ అనే మొక్క ఆకుల నుంచి ఆ నీలం రంగు తీసేవాళ్లు. ఇక్కడి వ్యాపారి థామస్ స్ప్రింగ్ 1523లో చనిపోతూ చర్చి గోపురానికి 200 పౌండ్లు రాసిపెట్టాడు. ఆ గోపురం 141 అడుగులు. మైళ్ల దూరం నుంచి మీకు దారి చూపించేది అదే. రెండేళ్లకే, 1525లో, ఫ్రాన్స్‌తో యుద్ధానికని ఎనిమిదో హెన్రీ పన్ను అడిగాడు. ఆ పన్ను దెబ్బకి పని పోయిన నేతగాళ్లు వేలమంది ఈ ఊళ్లో పోగయ్యారు. గంటలు కొట్టి ఇంకా జనాన్ని పిలుస్తారని ఎవరో ముందే గంటల నాలుకలు తీసేశారని చెబుతారు. రాజు ఆ పన్ను వదులుకున్నాడు.

తర్వాత నెదర్లాండ్స్ నుంచి శరణు వచ్చిన నేతగాళ్లు కొల్చెస్టర్‌లో పలచని, చవకైన గుడ్డ నేయడం మొదలుపెట్టారు. లావెన్‌హామ్ మందపాటి నీలం గుడ్డ అడిగేవాడు లేడు. ఇదే ఆ మిగతా సగం జవాబు. డబ్బున్న ఊళ్లలో పాత ఇళ్లు కూల్చి ఇటుకతో కట్టుకున్నారు, లేదంటే ముందు గోడకి ఇటుక తొడిగారు. ఇక్కడివాళ్లకి ఆ స్తోమత లేక, ఉన్నవాటిలోనే ఉండిపోయారు. 1530 ప్రాంతంలో కట్టిన గిల్డ్‌హాలు, అంటే ఊరి సంఘం భవనం, తర్వాత జైలైంది, బీదలకి తిండి పెట్టి పని చేయించే వర్క్‌హౌస్ కూడా అయింది. ఇప్పుడది పాత కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ చేతిలో ఉంది.

మనవైపు కథ కూడా ఇక్కడ కొంచెం కలుస్తుంది. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. కోరమండల్ అద్దకం బట్టలు ఇంగ్లండ్‌లో ఎంత నడిచాయంటే, ఉన్ని, పట్టు నేతగాళ్లు గోల చేసి 1700లో వాటి దిగుమతి మీద నిషేధం తెప్పించారు. అప్పటికి లావెన్‌హామ్ చితికిపోయి చాలాకాలమైంది, ఆ పాపం మచిలీపట్నానికి అంటగట్టనక్కర్లేదు.

[దృశ్యం: పబ్ బల్ల, గ్లాసులో నీళ్లు.]

తిండి సంగతి. చాలా పబ్బుల్లో మధ్యాహ్నం రెండు, రెండున్నరకి వంటిల్లు మూసేస్తారు, మూడింటికి చేరి ఆకలంటే చిప్సు పొట్లమే గతి. మందు అమ్మే చోట అడిగితే కొళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి, అది చట్టం. సీసా నింపుకోండి.

[దృశ్యం: లాంగ్ మెల్‌ఫర్డ్ చర్చి బయటి గోడ.]

లాంగ్ మెల్‌ఫర్డ్‌లో ఒక్క చర్చి చాలు. ఉన్ని వ్యాపారులు చందాలిచ్చి కట్టించారు, దాతల పేర్లు బయటి గోడ చుట్టూ రాతిలో చెక్కించుకున్నారు. మన గుళ్లో ఫ్యాను రెక్కల మీద పేర్లు రాయించుకున్నట్టే.

[దృశ్యం: సడ్‌బరీ స్టేషన్.]

అక్కడి నుంచి సడ్‌బరీ ఎంతో దూరం లేదు. ఈ ఊరు ఉన్ని పోయాక పట్టు పట్టుకుంది, పట్టు మిల్లులు ఇప్పటికీ నడుస్తున్నాయి. రైలు గంటకొకటి, మార్క్స్ టే దగ్గర దిగి లండన్ బండికి మారాలి. ప్లాట్‌ఫారం మారేటప్పుడు సైకిలుతో మెట్లెక్కాల్సి రావచ్చు, సంచులు తేలిగ్గా సర్దుకోండి.