హైకూకి తగిన మెషీన్: విశాఖ పౌర గ్రంథాలయంలో విద్యార్థులకు చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం.

బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూడనివాళ్లు ఈ హాల్లో ఉండరనుకుంటాను. 2001లో అది నౌకాదళ సేవ నుంచి తప్పుకుంది, మరుసటి ఏడాది ఒడ్డు మీద మ్యూజియం అయింది. అదే 2001లో బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని తయారుచేసిన బీ కంపెనీ ఆస్తులను పామ్ కొనుక్కుంది. బీఓఎస్ అక్కడితో ఆగిపోయింది. కానీ దాన్ని ఇష్టపడినవాళ్లు ఊరుకోలేదు. మొదటినుంచీ కోడ్ రాసుకుంటూ వచ్చారు, 2004లో హైకూ అని పేరు పెట్టారు, 2024 సెప్టెంబరులో ఐదో బీటా, అంటే ఐదో ప్రయోగ వెర్షన్, విడుదల చేశారు. ఇవాళ మనం వర్చువల్‌బాక్స్‌లో ఎక్కించబోయేది అదే. మీ కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని, నడిపించే ప్రోగ్రాము అది.

అమ్మానాన్నలు కొనిచ్చిన లాప్‌టాప్ ఒక్కటే ఉంటుంది, అందులో డేటా పోతుందేమోనని మీకు టెన్షన్. వర్చువల్ మెషీన్‌లో ఆ భయం లేదు. పాడైతే ఆ ఒక్క మెషీన్ తీసేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇది. లోపల ఎక్కే సిస్టమ్‌కి మీ లాప్‌టాప్‌లోని డిస్కు, నెట్‌వర్క్ కార్డు కనిపించవు. సెట్టింగ్స్‌లో మీరు ఎంచుకున్నవే కనిపిస్తాయి. కాబట్టి "నా దగ్గర ఎంత ఉంది" అని కాదు, "దానికి ఏది తెలుసు" అని అడగాలి.

ఇది నాకు రియాక్ట్ఓఎస్ నేర్పింది. విండోస్ ప్రోగ్రాములు నడిపేందుకు, విండోస్ సర్వర్ 2003ని నమూనాగా పెట్టుకుని సొంతంగా రాస్తున్న సిస్టమ్ అది. ఎక్కువ ఇస్తే బాగా నడుస్తుందనుకుని నాలుగు ప్రాసెసర్ కోర్లు, 8 జీబీ ర్యామ్, కొత్త తరహా సాటా డిస్క్, ఇంటెల్ నెట్‌వర్క్ కార్డు ఇచ్చాను. రెండు రాత్రులు పోయాయి. చివరికి ఒక్క కోర్, 1 జీబీ ర్యామ్, డిస్క్‌ని కలిపే పాత తరహా ఐడీఈ కంట్రోలర్ పెట్టాక ఇన్‌స్టాల్ అయింది. నెట్ మాత్రం రాలేదు. నేను ఎక్కించిన వెర్షన్‌లో ఆ ఇంటెల్ కార్డుకి డ్రైవర్ లేదు మరి. పీసీనెట్ ఫాస్ట్ 3 అనే కార్డుకి మార్చగానే వచ్చింది. ఆ కార్డు పాతదే, కానీ ఆ సిస్టమ్‌కి తెలిసినది.

హైకూకి అంత పథ్యం అక్కర్లేదు. 2 జీబీ ర్యామ్, 16 జీబీ డిస్క్ ఇవ్వండి. ఇంటెల్ ప్రో 1000 కార్డు దానికి బాగా తెలుసు, అలాగే ఉంచండి. ఎక్కువమంది తడబడేది సిస్టమ్ రకం దగ్గర. వర్చువల్‌బాక్స్ చూపే జాబితాలో హైకూ పేరు ఉండదు, అందుకని దొరికిన లినక్స్ ఏదో నొక్కేస్తారు. "అదర్" కింద "అన్‌నోన్ 64 బిట్" ఎంచుకోండి. ఆ పేరు నిజానికి కొన్ని డిఫాల్ట్‌లు నింపే నమూనా మాత్రమే, తర్వాత అన్నీ మార్చుకోవచ్చు. 32, 64 తేడాని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 32 బిట్ మెషీన్‌లో 64 బిట్ ఐఎస్ఓ, అంటే సిస్టమ్‌ని ఎక్కించే డిస్క్ ఫైలు, బూట్ కాదు.

తర్వాతి ఆటంకం ఇన్‌స్టాలర్‌లో వస్తుంది. కొత్త డిస్క్ ఖాళీగా ఉంటుంది, ఎక్కడ పెట్టాలో దానికి తెలియదు. డిస్క్‌ని సిద్ధం చేసే డ్రైవ్‌సెటప్ ప్రోగ్రాము తెరిచి, పార్టిషన్ చేసి, దాన్ని బీ ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేస్తేనే ముందుకు వెళ్తుంది. పని అయ్యాక ఐఎస్ఓని తీసేయండి, లేకపోతే మళ్లీ అదే బూట్ అవుతుంది.

మెషీన్ మరీ నత్తనడక నడుస్తుంటే ఆ మెషీన్ విండో అడుగున చూడండి. అక్కడ ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉందంటే విండోస్‌లో హైపర్-వీ, అంటే వర్చువల్ మెషీన్లు నడిపే విండోస్ సొంత ఏర్పాటు, ఆన్‌లో ఉందని అర్థం. ర్యామ్ పెంచితే ఆ తాబేలు కదలదు, హైపర్-వీ ఆపాలి. అసలు మెషీనే మొదలవకపోతే లాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే బయోస్ సెట్టింగ్స్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

ఒక్క మాట బతిమాలి చెబుతున్నాను. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి, మార్చింది కాగితం మీద రాసుకోండి. నాలుగు ఒకేసారి మార్చి బాగుపడితే, ఏది బాగుచేసిందో మీకెప్పటికీ తెలియదు.

ఐఎస్ఓ ఉన్న పెన్‌డ్రైవ్‌లు ఈ బల్ల మీద ఉన్నాయి. ఇద్దరికి ఒకటి చొప్పున తీసుకోండి, వర్చువల్‌బాక్స్ తెరిచి "న్యూ" నొక్కండి.